అన్నయ్య ఓటు, నా ఓటు

సెప్టెంబర్ 15, ఆదివారం

అన్నయ్య ఫోన్ చేశాడు. చర్చి అయ్యాక, భోజనానికి ముందు, ఎప్పటిలాగే. వానల్లేవట, గడ్డి ఎండిపోయిందట, దూడల్ని ఈసారి ముందే అమ్మేస్తాడట. అదంతా చెప్పి, "ఏమే, నవంబర్ అయిదు గుర్తుందా? ఎక్కడ కలుద్దాం?" అన్నాడు.

గుర్తు లేకపోవడమేమిటి. అధ్యక్ష ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ఆ రోజు మేమిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. ఓటుకి వెళ్ళం. ఇది అమ్మా నాన్నా పెట్టిన పద్ధతి. నాన్న రిపబ్లికన్, అమ్మ డెమోక్రాట్. "నేనొకటి వేస్తే నువ్వొకటి వేసి కొట్టేస్తావు, మధ్యలో పెట్రోలు దండగ" అని పెళ్ళయిన ఏడాదే ఒప్పందం చేసుకున్నారు. ఆ రోజంతా పేకాట ఆడుకుంటూ ఇంట్లోనే ఉండేవాళ్ళు. అమ్మ గొడ్డుమాంసం, చిక్కుడుగింజలు వేసి చిల్లీ వండేది, పక్కన దాల్చినచెక్క రోల్స్. ఏడాది పొడుగునా రాజకీయాల మీద కీచులాడుకునే ఆ మనుషులు ఆ ఒక్కరోజు కొత్త దంపతుల్లా ఉండేవారు. వాళ్ళు పోయాక ఆ ఒప్పందం మాకు సంక్రమించింది. డెల్మర్ అన్నయ్యది నాన్న పార్టీ, నాది అమ్మ పార్టీ. మిగతా ఎన్నికలకి ఎవరి ఓటు వాళ్ళదే, అధ్యక్షుడి దగ్గర మాత్రం ఇద్దరం ఇంట్లోనే.

మా ఆయన ఆర్లో బతికుండగా నవ్వేవాడు. "మీ అన్నాచెల్లెళ్ళ పిచ్చికి మందు లేదు మార్లిస్" అని, తను మాత్రం వెళ్ళి ఓటేసుకొచ్చి, మా బల్ల దగ్గరే కూర్చుని రోల్స్ తినేవాడు.

వాలంటైన్ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఇది సులువే. మా ఇంటికీ అన్నయ్య పశువుల రాంచ్‌కీ అరగంట దారి. ఆర్లో వైద్యానికని ఒమాహా వచ్చాను, ఆయన పోయాక ఇల్లు అమ్మేసి ఇక్కడే ఉండిపోయాను. ఒమాహాలో నాకిదే మొదటి అధ్యక్ష ఎన్నిక. ఇప్పుడు మా మధ్య అయిదు గంటల ప్రయాణం. నార్‌ఫోక్‌లో ఏదైనా హోటల్లో కలుద్దామనుకున్నాం. దారి అన్నయ్యకి మూడు గంటలు, నాకు రెండు. "ముసలాణ్ణి కదా, నాకే ఎక్కువ దూరం పెట్టావు" అన్నాడు.

సెప్టెంబర్ 19

పక్కింటి కొరీన్ గడ్డి మీద ఒక బోర్డు పాతింది. తెల్ల బోర్డు, మధ్యలో గుండ్రంగా నీలిరంగు చుక్క. పేరు లేదు, మాట లేదు. ఈ వీధిలో సగం ఇళ్ళ ముందు అదే. పటంలో మా నెబ్రాస్కా అంతా రిపబ్లికన్ల ఎరుపు, ఒమాహా ఒక్కటే డెమోక్రాట్ల నీలి చుక్క. అదీ సంగతి.

కొరీన్ ముప్పయ్యేళ్ళు సిటీ బస్సు నడిపింది. గొంతు ఇప్పటికీ చివరి సీటుదాకా వినిపిస్తుంది. మా అన్నాచెల్లెళ్ళ ఒప్పందం గురించి నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"మీ అన్న ఎక్కడుంటాడన్నావు?"

"చెర్రీ కౌంటీ."

"అది మూడో జిల్లా. నువ్వున్నది రెండో జిల్లా. అమ్మా, ఇంచుమించు మిగతా దేశమంతా రాష్ట్రానికి ఒకటే గిన్నె పెడుతుంది. మన రాష్ట్రం ఏ జిల్లాకి ఆ జిల్లా విడిగా గిన్నె పెడుతుంది, అధ్యక్షుణ్ణి తేల్చే లెక్కలో దానికో ఓటు ఇస్తుంది. నీ ఓటు ఒక గిన్నెలో, మీ అన్న ఓటు ఇంకో గిన్నెలో. అవి ఒకదాన్నొకటి ఎలా కొట్టేసుకుంటాయి?"

"రాష్ట్రం మొత్తానికి ఇంకో రెండు ఓట్లున్నాయిగా, అక్కడ కొట్టేసుకోవూ?"

"అక్కడ ఎప్పుడో తేలిపోయింది. మీ అన్న జిల్లాలో నూటికి డెబ్బై అయిదు మంది ఆయన పార్టీయే. ఆయన ఇంట్లో పడుకున్నా ఒకటే, వెళ్ళి పది వేసినా ఒకటే. ఇక్కడ మాత్రం అటో ఇటో అన్నట్టుంది. ఆయన చెల్లని కాసు ఇచ్చి నీ దగ్గర బంగారం తీసుకుంటున్నాడు."

"మా అన్నయ్య అలాంటివాడు కాదు" అన్నాను.

"ఆయన్ని అనలేదు. లెక్క చెప్పాను" అంది.

సెప్టెంబర్ 24

రాజధాని లింకన్‌లో పెద్దలు చట్టం మార్చి రాష్ట్రమంతటికీ ఒకే గిన్నె పెట్టాలని చూశారు. సరిపడా మంది కలిసిరాలేదట, ఈసారికి ఆగిపోయింది. కొరీన్ వరండాలో చెప్పుల్లేకుండా గంతులేసింది. నేనూ చప్పట్లు కొట్టాను. తర్వాత నాకెందుకు సంతోషం అనిపించింది, నేను ఓటే వేయనుగా.

సెప్టెంబర్ 29, ఆదివారం

అన్నయ్య ఫోన్. ఈ జిల్లాల సంగతి ఎత్తుదామనుకున్నాను. ఒక ఆవు కాలు విరగ్గొట్టుకుంది, గంటసేపు దాని కథే చెప్పాడు. అలాంటప్పుడు ఎలా ఎత్తుతాం.

అక్టోబర్ 2

పోస్టు బ్యాలెట్ పంపమని అడిగాను. అడగడం వేరు, వేయడం వేరు. ఇంట్లో ఉంటే నష్టమేముంది.

అక్టోబర్ 8

వచ్చింది. ఫ్రిజ్ మీద పెట్టాను. పాలు తీసుకున్నప్పుడల్లా కనిపిస్తోంది.

అక్టోబర్ 11

ఈ రోజు నింపాను. నల్ల పెన్నుతో ఆ గుండ్రాన్ని అంచు దాటకుండా రెండుసార్లు దిద్దాను. పాతికేళ్ళు బడి వంటశాలలో గరిటె తిప్పాను, జీతం ఎవరో నిర్ణయించారు, కూరలో ఉప్పెంత వేయాలో కూడా ఎవరో నిర్ణయించారు. అరవై నాలుగేళ్ళొచ్చాక ఇప్పుడొక చోట నా మాటకి బరువుంది. ఆ బరువు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. తప్పా?

కవరు అంటించాను. అంటించడమంటే పంపడం కాదు.

అక్టోబర్ 13, ఆదివారం

అన్నయ్య ఫోన్. దూడలకి ధర బాగా పలికిందట, గొంతులో హుషారు. "ఆ హోటల్లో రోల్స్ దూదిలా ఉంటాయట, నువ్వే చేసుకురా" అన్నాడు. సరేనన్నాను. బ్యాలెట్ గురించి ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

అక్టోబర్ 15

గ్రంథాలయం ముందున్న బ్యాలెట్ల పెట్టెలో కవరు వేశాను. పుస్తకాలు తిరిగివ్వడానికి ఎలాగూ వెళ్ళాలి.

అక్టోబర్ 16

ఆ పుస్తకాలకి ఇంకా వారం గడువుంది. ఇప్పుడు చూశాను.

అక్టోబర్ 20, ఆదివారం

ఆయన అడగలేదు.

అక్టోబర్ 27, ఆదివారం

ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. ఇలాంటివి ఫోన్లో చెప్పేవి కావు. నార్‌ఫోక్‌లో ఎదురుగా కూర్చుని, రెండు ముద్దలు తిన్నాక చెబుతాను. కొరీన్ చెప్పిన గిన్నెల లెక్క చెబితే అన్నయ్యకి అర్థమవుతుంది. పశువుల బేరాలు చేసే మనిషి, లెక్క తెలియనివాడు కాదు. కాస్త అలుగుతాడు. తర్వాత నవ్వుతాడు.

నవంబర్ 4

రెండు పళ్ళాల నిండా రోల్స్ చేశాను. అన్నయ్య ఎంత తిన్నా అరడజను తింటాడు. మిగతావి ఎవరికని చేశానో నాకే తెలియదు. పిండి పిసుకుతూనే ఉన్నాను, ఆపబుద్ధి కాలేదు.

నవంబర్ 6

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడైనా జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే రేపటికి నా మనసే దీన్ని నాకు అనుకూలంగా మార్చేస్తుంది.

పదకొండుకల్లా నార్‌ఫోక్ చేరాను. అన్నయ్య అప్పటికే వచ్చి కిటికీ పక్క బల్ల పట్టాడు. చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకొచ్చాడు. నన్ను చూసి, "ఏమే, పట్నం నీళ్ళు పడ్డట్టున్నాయి, ఒళ్ళు చేశావు" అన్నాడు. "నువ్వేమో ఎండుగడ్డిలా ఉన్నావు" అన్నాను. చిల్లీ చెప్పాం. నా రోల్స్ బల్ల మీద పెడితే హోటలామె ముఖం చిట్లించింది. అన్నయ్య ఆమెకొకటి ఇచ్చాడు, తిన్నాక ఆమె ఇక అడ్డు చెప్పలేదు.

చెబుదామని నోరు తెరిచాను. నాకంటే ముందు ఆయనే మొదలుపెట్టాడు.

"నీతో ఒక మాట చెప్పాలి. చెప్పాక కోప్పడకూడదు."

"ఏంటి?"

"పోయిన వారం సంతలో కుర్రాళ్ళు నా భుజం తట్టారు. నీ చెల్లెలు ఒమాహాలో కదా, నువ్వు ఇంట్లో కూర్చుని అక్కడొక ఓటు ఆపేశావు, నీ అంత తెలివైన బేరగాడు ఈ కౌంటీలో లేడు అన్నారు. నాకు ముందర అర్థం కాలేదు. ఈ జిల్లాల గోల నాకేం తెలుసు. వాళ్ళు విడమరిచి చెప్పారు. అంటే నేను నిన్ను మోసం చేస్తున్నట్టే కదే."

"అదేం మాట అన్నయ్యా."

"అదే మాట. నేను వదులుకునేది గడ్డిపరక, నువ్వు వదులుకునేది ఆవు. తెలియకముందు వేరు, తెలిశాక కూడా ఊరుకుంటే నేను దొంగని. వాళ్ళ మెచ్చుకోలు నాకు మింగుడు పడలేదు. వారం నుంచీ నిద్ర సరిగా లేదు." గడియారం చూశాడు. "లే. ఎనిమిదిదాకా టైముంది. ఒమాహా రెండు గంటలు. నా బండిలో పోదాం, నువ్వు వేసి వద్దువుగాని. నేను మాత్రం వేయను, నా మాట నాదే."

 అప్పుడే చెప్పాల్సింది. ఆ క్షణంలో చెప్పి ఉంటే ఇద్దరం నవ్వుకునేవాళ్ళమేమో. కానీ ఆయన మొహం చూస్తే చెప్పలేకపోయాను. ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు చిన్నప్పటి నుంచీ ఆయన మొహం అలాగే వెలుగుతుంది.

"వద్దులే, దూరం" అన్నాను.

"నాకు లేని దూరం నీకెందుకు?"

"ఫొటో కార్డు తెచ్చుకోలేదు."

"లైసెన్సు లేకుండా ఇంతదూరం కారు నడిపావా? జైల్లో వేస్తారు, అక్కడ రోల్స్ చేసుకుందువుగాని" అని పకపకా నవ్వాడు. హోటలామె కూడా నవ్వింది. నా పర్సు నా ఒళ్ళోనే ఉంది.

"నా కారులో నేనొస్తాను."

"నువ్వు నడిపితే రేపటికి చేరతాం. ఎక్కు."

ఎక్కాను. దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. నాన్న పేకాటలో దొంగాట ఆడితే అమ్మ ఎలా పట్టుకునేదో చెప్పాడు. వెస్ట్ పాయింట్ దాటాక చెబుదామనుకున్నాను. ఫ్రీమాంట్ దాటాక చెబుదామనుకున్నాను. ఫ్రీమాంట్ దగ్గర ఆయనే, "నాన్న ఉంటే నన్ను మెచ్చుకునేవాడా, తన్నేవాడా?" అని అడిగాడు. "మెచ్చుకునేవాడు" అన్నాను. తర్వాత ఒమాహా దాకా మైలురాళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాను.

మా పోలింగు లూథరన్ చర్చి నేలమాళిగలో. అన్నయ్యని బండిలోనే ఉండమన్నాను. నా పథకం ఏమిటంటే లోపలికెళ్ళి, కాసేపు బాత్‌రూమ్‌లో నిలబడి, బయటికొచ్చి అయిపోయిందని చెప్పడం. ఇలాంటిది కూడా ఆలోచించాను. రాస్తుంటే సిగ్గేస్తోంది.

"నేనూ వస్తా. నాకు వ్యతిరేకంగా పడే ఓటు కళ్ళారా చూడాలి" అని నా వెనకే మెట్లు దిగాడు.

లైనులో పెద్దగా ఎవరూ లేరు. బల్ల దగ్గర ప్యాంటుకి పట్టీలు వేసుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. అన్నయ్య టోపీ తీసి ఆయనతో, "మా చెల్లెలండి. నార్‌ఫోక్ నుంచి లాక్కొచ్చాను, ఓటు వేయించడానికి. నేను వేరే పార్టీ" అన్నాడు. ఆ పెద్దాయన ముచ్చటపడ్డాడు. "మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా" అన్నాడు. నా కార్డు తీసుకుని పేరు వెతికాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు.

"మీరు పోస్టు బ్యాలెట్ తీసుకున్నట్టుందమ్మా. వెనక్కి పంపేశారా?"

అబద్ధం చెప్పొచ్చు. పోయిందని చెప్పొచ్చు. అప్పుడు వాళ్ళు వేరే కాగితమిచ్చేవాళ్ళు, దాన్ని నింపితే నేరమయ్యేది. నేను బల్ల వైపే చూస్తూ, "పంపేశాను" అన్నాను.

పెద్దాయన అన్నయ్య వైపు చూసి చూపు దించుకున్నాడు. అన్నయ్య ఆయనతో, "మీకు శ్రమ ఇచ్చాం" అని టోపీ పెట్టుకుని మెట్లెక్కాడు.

నేను బయటికొచ్చేసరికి బండి స్టార్టు చేసి ఉంది. నా వైపు తలుపు తీసి పట్టుకున్నాడు. "నీ కారు అక్కడే ఉందిగా" అన్నాడు. అంతే.

రెండు గంటలు. రేడియోలో ఎన్నికల కబుర్లు వస్తుంటే కట్టేశాడు. వెస్ట్ పాయింట్‌లో పెట్రోలు పోయించాక, బండి కదిలించకుండా, "ఎప్పుడు?" అన్నాడు.

"అక్టోబర్ మధ్యలో."

"ఊఁ."

"నువ్వు అడగలేదు అన్నయ్యా. అడిగితే చెప్పేదాన్ని."

ఈ మాట నేను నిజంగానే అన్నాను. ఇన్ని రోజులు ఈ డైరీలో రాసుకుని రాసుకుని అది నాకు న్యాయమైన మాటలా వినిపించింది. బయటికి వచ్చాకే తెలిసింది అదెంత చెత్త మాటో.

ఆయన బండి రోడ్డెక్కించాడు. "నువ్వు అడిగి ఉంటే, వేసుకోమ్మా అనేవాణ్ణి" అన్నాడు.

నార్‌ఫోక్‌లో నా కారు స్టార్టయ్యేదాకా ఆగి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. రెండో పళ్ళెం రోల్స్ నా కారులోనే ఉండిపోయింది.

నవంబర్ 7

మా జిల్లా గెలిచింది. దేశం ఓడింది. అంటే మా పార్టీ లెక్కలో. ఒమాహా ఇచ్చిన ఆ ఒక్క ఓటు దేనికీ అడ్డం పడలేదు. కొరీన్ నిన్నటి కోసమని చేసిన కేకుని తెచ్చి నా బల్ల మీద పెట్టి, "పారేయడం ఇష్టం లేక" అంది. ఇద్దరం ఏడుస్తూ తిన్నాం. ఆమె దేశం కోసం ఏడ్చింది. నేనూ దాని కోసమే అనుకుంది.

నవంబర్ 10, ఆదివారం

ఫోన్ రాలేదు. పశువుల్ని చలికాలానికి ఇంటి దగ్గరికి తోలుకొచ్చే రోజులు, తీరిక ఉండదు.

నవంబర్ 17, ఆదివారం

అక్కడ మంచు పడిందని టీవీలో చెప్పారు. లైన్లు తెగి ఉంటాయి.

నవంబర్ 24, ఆదివారం

నేనే చేశాను. ఎత్తాడు. పశువులు బాగున్నాయా అన్నాను, బాగున్నాయి అన్నాడు. థాంక్స్‌గివింగ్ పండక్కి రమ్మన్నాను. "పని ఉంటుంది మార్లిస్" అన్నాడు. క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుంటుండగా, "ఉంటాను మరి, జాగ్రత్త" అని పెట్టేశాడు. గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది, తిట్టించుకోవడం నాకు చేతనవును.

నవంబర్ 28

పండక్కి టర్కీ వండలేదు. గుడ్డు ఉడకబెట్టుకున్నాను.

డిసెంబర్ 25

రోల్స్ చేసి పార్సిల్ పంపాను. అందాయని కార్డు వచ్చింది. "చాలా బాగున్నాయి, ధన్యవాదాలు" అని రాశాడు. అరవై ఏళ్ళలో నా వంటకి అన్నయ్య ధన్యవాదాలు చెప్పడం ఇదే మొదలు.

జనవరి 12

నేను చేసింది నేరం కాదు. ఓటు వేయడం నా హక్కు. కొరీన్ రోజూ అదే చెబుతుంది, నేనూ ఒప్పుకుంటాను. మళ్ళీ అవకాశమొచ్చినా ఆ ఓటే వేస్తాను. కానీ ముందు ఫోన్ చేస్తాను. ఒక్క ఫోన్. ఇంత చిన్న పని చేయకపోవడానికి కారణమేమిటా అని ఆలోచిస్తే, కాదంటాడేమోనన్న భయం కాదు. సరేనంటాడని నాకు లోపల తెలుసు. సరేనంటే అది ఆయన ఇచ్చింది అవుతుంది. ఒక్కసారైనా నాదంటూ ఒకటి, ఎవరూ ఇవ్వకుండా, నేనే తీసుకోవాలనిపించింది. తీసుకున్నాను.

జనవరి 27

ఆ చట్టం మార్చే బిల్లు మళ్ళీ వచ్చింది. మన లింకన్‌లో ప్రతి బిల్లు మీదా బహిరంగ విచారణ ఉంటుంది కదా, ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చు. కొరీన్ వీధివీధంతా పోగుచేస్తోంది. "నువ్వు నీలి స్వెటర్ వేసుకురా. మూడు నిమిషాలే. వృద్ధ వితంతువు, జీవితంలో మొదటిసారి ఓటుకి విలువొచ్చింది, దాన్ని లాక్కోకండి అను. వాళ్ళు కరిగిపోవాలి" అంది. వృద్ధ అన్నందుకు కోపమొచ్చింది గాని సరేనన్నాను.

జనవరి 30, గురువారం

గది కిక్కిరిసిపోయింది. మేం వెనక వరసల్లో కూర్చున్నాం. ముందు బిల్లు కావాలన్నవాళ్ళు మాట్లాడతారు, తర్వాత వద్దన్నవాళ్ళు. ఒక్కొక్కరూ మైకు ముందు కూర్చుని, పేరు చెప్పి, అక్షరాలు విడివిడిగా చెప్పాలి. పచ్చ దీపం వెలిగితే మొదలు, ఎర్ర దీపం వెలిగితే ఆపాలి.

ఐదారుగురు అయ్యాక చర్చి టోపీ చేత్తో పట్టుకుని డెల్మర్ అన్నయ్య లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు.

 ఆయనా, ఇక్కడా! పశువుల పన్ను తగ్గిస్తామన్నా గడప దాటని మనిషి, అయిదు గంటలు మంచులో నడుపుకుంటూ వచ్చాడు. పేరు చెప్పి, అక్షరాలు మెల్లగా చెప్పాడు.

"నేను పార్టీల గురించి మాట్లాడటానికి రాలేదండి. నాకో చెల్లెలుంది. నాది ఒక పార్టీ, తనది ఒక పార్టీ. మా అమ్మా నాన్నా కూడా అంతే. అధ్యక్షుడి ఎన్నికప్పుడు వాళ్ళిద్దరూ ఓటు మానేసి ఇంట్లో పేకాడుకునేవారు. తర్వాత నేనూ చెల్లెలూ అలాగే చేశాం. ఇద్దరం సమానం కాబట్టి కుదిరింది. ఇప్పుడామె ఒమాహాలో ఉంది. నాది పనికిరాని ఓటు, ఆమెది ముత్యంలాంటి ఓటు. తప్పు ఆమెది కాదు, నాదీ కాదు. మధ్యలో గీత గీసింది మీరు. ఆ గీత వల్ల అన్నాచెల్లెళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చోలేకపోతున్నారు. మమ్మల్ని మళ్ళీ ఒకే గిన్నెలో వేయండి. అంతేనండి నేను అడిగేది."

కమిటీలో ఒకామె అడిగింది. "ఇంతకీ మీ చెల్లెలు ఈసారి ఒప్పందం నిలబెట్టుకున్నారా?"

అన్నయ్య టోపీ అంచు సర్దాడు. జీవితంలో ఆయన అబద్ధమాడగా నేను వినలేదు.

"నిలబెట్టుకుందండి. నా చెల్లెలు మాట మీద నిలబడే మనిషి" అన్నాడు.

పసుపు దీపం వెలుగుతోంది. ఆయన లేచి, ధన్యవాదాలు చెప్పి, నడవలోంచి తలుపు వైపు వచ్చాడు. సరిగ్గా మా వరస పక్క నుంచి. చెయ్యి చాపితే కోటు అందేది. నేను కింద పడిన చేతితొడుగు వెతుక్కుంటున్నట్టు వంగాను. నా రెండు తొడుగులూ ఒళ్ళోనే ఉన్నాయి. లేచేసరికి తలుపు మూసుకుంది.

"ఆయనేనా?" అంది కొరీన్. తలూపాను. "వెళ్ళు, వెనకాలే వెళ్ళు!" అంది.  నీలి స్వెటరుతో, నీలి చుక్కల గుంపులోంచి లేచి, ఆయన ముందు ఏ మొహంతో నిలబడను?

గంట తర్వాత నా వంతు వచ్చింది. రాసుకొచ్చిన కాగితం బల్ల మీద పెట్టాను, చదవలేదు.

"ఇందాక చెర్రీ కౌంటీ నుంచి డెల్మర్ అనే ఆయన మాట్లాడారు. ఆయన చెప్పిందాంట్లో ఒక్కటి తప్పు. ఆ చెల్లెల్ని నేనే. మాట మీద నిలబడలేదు. ఆయనకి తెలియకుండా ఓటేశాను. ఆయన తన ఓటు మానుకుని, నాతో నా ఓటు వేయించడానికి నన్ను ఒమాహా తీసుకొచ్చారు. అప్పుడూ చెప్పలేదు. మీ గీత మమ్మల్ని విడదీయలేదు. గీత ఉన్నా ఆయన దాన్ని దాటుకుని నా వైపు వచ్చారు. నేనే ఆయన్ని అటు పక్క వదిలేశాను. దీన్ని కూడా రాసుకోండి."

 చైర్మను గొంతు సవరించుకుని, "అమ్మా, మరి మీరు బిల్లుకి అనుకూలమా, వ్యతిరేకమా?" అన్నాడు.

"వ్యతిరేకమే" అన్నాను. అందులో నా మనసు మారలేదు. ఎర్ర దీపం వెలిగింది.

బయట కార్లు పెట్టేచోట ఆయన బండి కోసం చూశాను. మంచు మీద ఎవరివో టైర్ల గుర్తులు చాలా ఉన్నాయి. కొరీన్ బస్సు నడిపిన గొంతుని ఎక్కడో వదిలేసి, నెమ్మదిగా, "మంచి పని చేశావు మార్లిస్" అంది. ఎవరికి మంచి? ఆ మాట వినాల్సినవాడు ఒక్కడే. విన్నవాళ్ళు నూరుమంది, వాళ్ళలో ఆయన లేడు.

ఇంటికి రాగానే ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఓనీల్ ఊరు దాటితే సిగ్నల్ ఉండదు, ఇంకా దారిలోనే ఉండి ఉంటాడు. రోడ్లు జారుడుగా ఉన్నాయి. ఈ రాత్రి ఆయన్ని కదిలించడం ఎందుకు. రేపు చెబుతాను.

అక్టోబర్లోనూ ఇలాగే అనుకున్నాను.